ముప్పై ఒక్క అంకెలు

సామేలు లెక్కల యంత్రం పిడిని ఖాళీగా మూడుసార్లు తిప్పాడు. మొదటి తిప్పుకు లోపలి పళ్లు కరకరమన్నాయి, రెండోదానికి సర్దుకున్నాయి, మూడోదానికి నూనె చేరవలసిన చోటికి చేరింది. అంకెలు కనిపించే కింది కిటికీల వరుసలో పదమూడు సున్నలు నిలిచాక గాని ఆయన కుర్చీలో కూర్చోలేదు. పొద్దున పని మొదలుపెట్టే ముందు పదమూడు సున్నలు చూడాలి, సాయంత్రం గుడ్డ కప్పే ముందు మళ్లీ పదమూడు సున్నలు చూడాలి. యంత్రంలో అంకె మిగిల్చి ఇంటికి పోవడమంటే ఎంగిలి కంచం ముందు పెట్టుకుని పడుకోవడమేనని ఆయన లెక్క. పద్దెనిమిదేళ్ల నౌకరీలో ఒక్కరోజు కూడా అలా పోయిన మనిషి కాడు.

యూనివర్సిటీ గణితశాఖ మేడమీద, మెట్లెక్కగానే ఎడమచేతి గది అది. ఒక కిటికీ, ఒక బల్ల, గోడవారగా ఒక బీరువా, అందులో తొమ్మిది లావాటి రిజిస్టర్లు. సామేలు పొట్టి మనిషి. పిడి తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమ భుజంకంటే దిట్టంగా తయారైంది. వెనకనుంచి చూస్తే ఎప్పుడూ ఏదో వైపుకి ఒరిగి నడుస్తున్నట్టే ఉంటాడు. కళ్లజోడుకి దారం, చొక్కా మోచేతికి అతుకు, చూపుడువేలికి ఎన్నేళ్లు రుద్దినా పోని సిరా మచ్చ. జీతాల పుస్తకంలో ఆయన ఉద్యోగం పేరు 'కంప్యూటర్' అని రాసి ఉంటుంది. అంటే లెక్కలు కట్టేవాడని అర్థం. ఆ పేరు త్వరలో మనుషుల చేతినుంచి జారిపోతుందని ఆ 1968 ఆగస్టులో ఆ మేడమీద ఎవరికీ పెద్దగా పట్టింపు లేదు.

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం దిగివచ్చి చెట్ల మీద కూర్చున్నట్టుంది. వాన లేదు, గాలి లేదు. లాలాపేట నుంచి రోజూ నడిచే దారే అయినా, తార్నాక చౌరస్తా దగ్గర ఆయన ఒక మోరీ గట్టు మీద కాసేపు కూలబడవలసి వచ్చింది. ఎడమచెయ్యి భుజం నుంచి చిటికెన వేలి దాకా సీసం పోసినట్టు బరువెక్కింది. పిడి తిప్పేది కుడిచెయ్యి కదా, ఎడమచెయ్యికేం పుట్టిందని ఆయన దాని మీద విసుక్కున్నాడు. బయలుదేరేటప్పుడు భార్య సుగుణమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"ఇయ్యాల పోకు. దవఖానకు పోదాం పా."

"సాయంత్రం పోదాం తియ్యి. ఆరింటికల్లా వస్తా."

"నీ లెక్కలు యాడికీ ఉరుకయి. జర నా మాట ఇను."

"ఇయ్యాల అచ్చుకు పోతది సుగుణా. నా పేరు పడతది." ఆ మాట చెప్పేటప్పుడు ముసలి మొహంలో సిగ్గు కనిపించేసరికి ఆమె పక్కకు జరిగింది.

ఆయన పేరు అచ్చులో పడేది ఒక సంఖ్య పుణ్యమా అని. ఆ సంఖ్య సంగతి చెప్పాలి. రెండును రెండుతో హెచ్చవేసుకుంటూ పోయి, నూటొక్క రెళ్లు అయ్యాక, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ముప్పై ఒక్క అంకెల పొడుగు. అది ప్రధాన సంఖ్య కాదనీ, ఏవో రెండు సంఖ్యల లబ్ధమేననీ పెద్దలు ఎన్నడో తేల్చారు. ఆ రెండూ ఏవో మాత్రం చెప్పలేకపోయారు. విరుగుతుందని తెలుసు, ఎక్కడ విరుగుతుందో తెలియదు. పుట్టలో పాముందని చెప్పి, ఏ కన్నంలో ఉందో చెప్పకుండా పోయినట్టయింది.

దాన్ని నిశ్శేషంగా భాగించగల సంఖ్య ఏదైనా సరే, రెండువందల రెండు చేత భాగిస్తే ఒకటి మిగిలేదే అయి ఉండాలని ఒక నియమం ఉంది. కాబట్టి రెండు, మూడు, ఐదు, ఏడు లాంటి చిల్లర సంఖ్యలతో పనిలేదు. 203, 405 ప్రధాన సంఖ్యలు కావు గనక, వేసి చూడవలసిన మొదటి భాజకం 607. తర్వాతది 809. అలా వెతుక్కుంటూ పోవాలి. పదకొండేళ్ల కింద రీడరు అరుంధతిగారు ఆ పని సామేలుకి అప్పజెప్పారు. శాఖలో మిగతా పనులన్నీ అయ్యాక రోజుకి నాలుగో ఐదో భాజకాలు. తీసివేసుకుంటూ పిడి తిప్పాలి. ఒక తిప్పు ఎక్కువైతే యంత్రంలో చిన్న గంట టంగుమంటుంది. ఒక తిప్పు వెనక్కి తిప్పి, కింది వరుసలో మిగిలిన శేషాన్ని రిజిస్టరులో రాయాలి. నాలుగు కోట్ల దాకా వచ్చాడు. పన్నెండు వేల పైచిలుకు భాజకాలు, పన్నెండు వేల పైచిలుకు శేషాలు. ఒక్కటీ సున్న కాలేదు. కలలో కూడా ఆ గంట మోగేదని సుగుణమ్మతో ఒకసారి అన్నాడు.

అరుంధతిగారు పదిన్నరకు వచ్చారు. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో ఎప్పుడూ ఒక మడత కాగితం. ఈరోజు కాగితంతోపాటు దారంతో కట్టిన ప్రూఫుల కట్ట కూడా ఉంది.

"సామేలుగారూ, మన సంఖ్య విరిగిందండీ," అన్నారు నిలబడే.

ఆయన లేవబోయి బల్ల పట్టుకున్నాడు.

"ఎక్కడో దూరదేశంలో, ఎలక్ట్రానిక్ మెషీన్ మీద. ఉత్తరం వచ్చింది. చిన్న భాజకానికే పదమూడు అంకెలు. మనం చేతితో తిప్పుతూ పోతే మన మనవలకి కూడా దొరికేది కాదు." ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆపేశారు. "మన పని వృథా అనుకోకండి. నాలుగు కోట్ల లోపల భాజకం లేదని మనం ముందే తేల్చాం. పట్టిక అచ్చు వేస్తున్నాం. ఈ రెండింటినీ గుణించి, మన రిజిస్టరులో ఉన్న సంఖ్యతో కుదిరిందో లేదో చూడండి. ముందుమాటలో ఆ మాట ఒక్కటి ఇప్పటికే చేర్చాను. నాలుగింటికి వీరస్వామి ప్రెస్సుకి తీసుకెళ్తాడు."

"చూస్త మేడం."

కట్ట ఆయన బల్ల మీదే పెట్టి వెళ్లారు. పైకాగితం మీద పెద్ద అక్షరాల్లో 'శేషాల పట్టిక', దాని కింద అరుంధతిగారి పేరు, ఇంకా కింద చిన్న అక్షరాల్లో 'గణన: సామేలు'. ఆయన దాన్ని తడమలేదు. చెమట చేతులతో తడిమితే సిరా అంటుకుంటుందేమోనని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చదివాడు.

పదమూడు అంకెలది ఒకటి, పద్దెనిమిది అంకెలది ఒకటి. అంత పొడుగు సంఖ్యలు యంత్రంలో పట్టవు గనక ముక్కలు చేసి, ముక్కను ముక్కతో హెచ్చవేసి, కాగితం మీద కూడాడు. రెండు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి, అది తనది కాదన్నట్టు దానివంక చూశాడు. లబ్ధం తేలాక అలవాటు ప్రకారం తొమ్మిదుల పరీక్ష చేశాడు. అంకెలన్నీ కూడి, తొమ్మిదులు తీసేసి, మిగిలినది సరిపోతే లెక్క సరి. ఆ శాఖలో కొత్త సంఖ్య ఏది రాసినా ఆ పరీక్ష చేసి పక్కన సంతకం పెట్టడం ఆనవాయితీ. చిన్నదానికి నాలుగు మిగిలింది, పెద్దదానికి ఒకటి. నాలుగొకట్ల నాలుగు. లబ్ధానికీ నాలుగే. మొదటి రిజిస్టరు తెరిచి తన సంఖ్యకు చూశాడు. అదీ నాలుగే.

అప్పుడే అరుంధతిగారు గుమ్మంలోంచి తొంగిచూశారు. "తొమ్మిదుల పరీక్ష కుదిరిందా?"

"కుదిరింది మేడం."

"ఇంకేం మరి! నేను ఒంట్లో నలతగా ఉండి ఇంటికి వెళ్తున్నా. వీరస్వామికి కట్ట ఇచ్చేయండి." చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. ఆమె ఉండేది హబ్సిగూడలో.

సామేలు అబద్ధం చెప్పలేదు. కానీ పని ఇంకా పూర్తి కాలేదు. అంకెకు అంకె పోల్చాలి కదా. చెక్క స్కేలు రెండు వరుసల కింద పెట్టి, ఎడమనుంచి మూడేసి అంకెల చొప్పున చదువుతూ వచ్చాడు. రెండు. ఐదువందల ముప్పై ఐదు. మూడువందల ఒకటి. అన్నీ కుదురుతున్నాయి. చివరి నుంచి మూడో గుంపు దగ్గర స్కేలు ఆగింది.

లబ్ధంలో 406. రిజిస్టరులో 460.

ముందు ఆయనకు దూరదేశం వాళ్ల మీద జాలి కలిగింది. అంత పెద్ద మెషీన్ పెట్టుకుని రెండంకెలు తారుమారు చేశారే అనుకున్నాడు. తర్వాత తన గుణకారమే తప్పిందేమోనని ముక్కలన్నీ తిరిగి చూశాడు. తప్పలేదు. ఇక ఒకటే దారి మిగిలింది. తెల్లకాగితం తీసి, 1024 దగ్గర మొదలుపెట్టి, రెట్టింపు చేసుకుంటూ పోయాడు. పదకొండేళ్లలో ఎవరూ చెయ్యని పని అది. ఎవరైనా అరపూటలో చెయ్యగల పని. ఎవరూ ఎందుకు చెయ్యలేదంటే, రిజిస్టరులో ఉన్నది సామేలు దస్తూరి, పక్కన సామేలు సంతకం. సామేలు రాసిందాన్ని మళ్లీ చూడడమంటే తెల్లారిందో లేదో గడియారం చూసి తేల్చుకోవడమేనని శాఖలో అందరూ అనేవారు.

బయట మబ్బు ఇంకా దిగింది. మధ్యాహ్నం రెండింటికే గదిలో దీపం వెయ్యవలసి వచ్చింది. డెబ్బయ్యో రెట్టింపు దగ్గర ఛాతీలో ఎవరో పిడికిలి బిగించి వదిలారు. ఆయన ఊపిరి బిగబట్టి, అది పోయేదాకా ఆగి, డెబ్బై ఒకటో రెట్టింపు రాశాడు. నూటొకటోది రాసి ఒకటి తీసేశాడు.

406.

రిజిస్టరు మొదటి పేజీలో తేదీ ఉంది: 1957 జూలై. అరుంధతిగారి పాత కాగితానికి చెదపడితే, దానిమీది సంఖ్యను రిజిస్టరులోకి ఎక్కించి, ఆ కాగితాన్ని పారేశారు. ఆరోజు ఏం జరిగింది? ఎవరైనా పిలిచారా? కాకి అరిచిందా? నిద్ర చాలలేదా? ఎంత తవ్వుకున్నా ఏ కారణమూ గుర్తుకు రాలేదు. మామూలు రోజే. మామూలుగానే రాశాడు. ఆరు ముందు రాశాడు, సున్న తర్వాత రాశాడు. అంకెల చోటు మారితే కూడిక మారదు కనుక తొమ్మిదుల పరీక్షలో తేలలేదు. సంతకం పెట్టాడు. ఆ సంతకం ఎంత నిబ్బరంగా ఉందో చూస్తే ఆయనకే భయం వేసింది.

చిన్నప్పుడు మెదక్ మిషన్ బడిలో దానియేలు మాస్టరు చెప్పిన మాట అప్పుడు జ్ఞాపకం వచ్చింది. "తొమ్మిదిని నమ్మకురా, అది అంకెల చోటు చూడదు. పదకొండు చూస్తది." ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడి, రెండు మొత్తాల తేడా చూడాలి. ఆ పరీక్ష చేసి ఉంటే తప్పు దొరికి ఉండేదా అని తెలుసుకోవాలనిపించింది. పుండు మీద వేలు పెట్టి చూసుకునే బుద్ధి. రిజిస్టరు సంఖ్యలో ఒక వరుస కూడాడు: యాభై ఆరు. రెండో వరుస కూడాడు: యాభై ఆరు.

తేడా సున్న.

తేడా సున్న అంటే ఆ సంఖ్య పదకొండుతో నిశ్శేషంగా పోతుందని అర్థం. పదకొండు! ఐదో తరగతి పిల్ల పలక మీద తేల్చే లెక్క. నియమం ప్రకారం అక్కర్లేదని ఎవరూ పదకొండు వైపు చూడనే లేదు. సంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికారంటారే, ఆయన నాలుగు కోట్ల దాకా వెతికాడు.

నమ్మలేక యంత్రంలో పెట్టాడు. ముక్క తర్వాత ముక్క దింపుకుంటూ పదకొండుతో భాగించాడు. గంట టంగుమంది, వెనక్కి తిప్పాడు. మళ్లీ టంగుమంది. చివరి ముక్క కూడా దింపాడు. కింది వరుసలో పదమూడు సున్నలు నిలిచాయి. పదకొండేళ్లుగా ఏ సున్న కోసం పిడి తిప్పాడో ఆ సున్న. ఆయనకు ఏడుపు వచ్చింది. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

మూడున్నర అయింది. ప్రూఫుల కట్ట బల్ల మీదే ఉంది.

అప్పుడు ఆయన బుద్ధి ఒక మెత్తని మాట చెప్పింది. నాలుగు కోట్ల లోపల భాజకం లేదన్నది నిజమే కదా. అసలు భాజకానికి పదమూడు అంకెలున్నాయి కదా. చివరి మాట నిజం. దానికి ముందున్న పన్నెండు వేల మాటలే అబద్ధం. సంఖ్య విరిగిపోయాక ఆ శేషాలను తిరిగి తీసి చూసేవాడెవడు? దొంగకు కూడా ఇంత మంచి చీకటి దొరకదు. ఆ ముందుపేజీని ఇంటికి పట్టుకుపోయి సుగుణమ్మకు చూపించవచ్చు. ఆమెకు చదువు రాదు గాని, మొగుడి పేరు మాత్రం అక్షరాలు కూడబలుక్కుని చదువుకోగలదు.

ఆ పేజీవైపు చాలాసేపు చూశాడు. తర్వాత రిజిస్టరు మొదటి వరుస చదివాడు. 607: శేషం 275. రెండో వరుస. 809: శేషం 549. ఒక్కొక్కటీ తన దస్తూరిలో, గుండ్రంగా, ముచ్చటగా ఉంది. తన చేత్తో తానే ఇన్ని అబద్ధాలు ఇంత శ్రద్ధగా రాశాడు. ఇప్పటిదాకా తెలియక రాశాడు. వీటిని అచ్చుకు పంపితే తెలిసి రాసినవాడవుతాడు.

ఎర్రసిరా కలం తీశాడు. 'గణన: సామేలు' కింద నిదానంగా రాశాడు: "పట్టికలోని సంఖ్య తప్పు. 406 ఉండవలసిన చోట 460 పడింది. శేషాలన్నీ తప్పే. ఎక్కించినది నేను, తప్పు నాది. ఇది పదకొండుతో పోతుంది. దయచేసి అచ్చు వేయించవద్దు." రాసి, చివరి మూడు మాటలను ఒకసారి చదువుకుని, సంతకం పెట్టాడు. దారం తిరిగి కట్టేటప్పుడు ఎడమచేతి వేళ్లు మాట వినలేదు. పళ్లతో ముడి బిగించాడు.

నాలుగింటికి అటెండరు వీరస్వామి వచ్చాడు. బక్కపలచటి మనిషి, మోకాళ్ల దాకా మడిచిన పాంటు, భుజాన గొడుగు.

"సారూ, ప్రెస్సుకేనా?"

"ప్రెస్సుకు కాదు. హబ్సిగూడల మేడం ఇంటికి తీస్కపో. ఆమె చేతికే ఇయ్యి. ప్రెస్సుకు ఇచ్చినవంటే నేను సచ్చినంత ఒట్టు."

"గట్లంటవేంది సారూ? మొకం అట్ల తెల్లవడ్డదేంది? నీళ్లు తెస్త ఆగు."

"నీళ్లు తర్వాత. వాన రాకముందు పో."

వీరస్వామి నీళ్లు తెచ్చి పెట్టే వెళ్లాడు. గొడుగు సైకిలుకి తగిలించుకుని గేటు దాటడం సామేలు కిటికీలోంచి చూశాడు. గుండెలమీంచి ఒక బండ దిగినట్టనిపించింది. ఇంకో బండ మాత్రం దిగలేదు. అది ఎడమవైపున, పొద్దుటినుంచీ ఉన్నచోటే ఉంది.

ఐదున్నర దాకా పని వేళ. ఆరింటికల్లా వస్తానని సుగుణమ్మకు చెప్పాడు. ఇప్పుడే లేచి పోవచ్చు. కానీ బీరువాలో ఒక కొత్త రిజిస్టరు ఉంది, ఒక్క గీతకూడా పడనిది. దాన్ని తీసి, మొదటి పేజీలో సంఖ్య ఎక్కించాడు. ప్రతి గుంపునీ రాసి, వేలు పెట్టి, పైకి చదివి, మళ్లీ చూశాడు. తొమ్మిదుల పరీక్ష చేశాడు. పదకొండు పరీక్ష కూడా చేశాడు. ఒకటి మిగిలింది, మిగలవలసిందీ అంతే. సంతకం పెట్టాడు. దాని అవసరం ఇక లోకంలో ఎవరికీ లేదని ఆయనకు తెలుసు. అయినా ఒక్క రెండు నిజమైన శేషాలు చూసి పోదామనుకున్నాడు.

యంత్రాన్ని సున్న చేసి 607 పెట్టాడు. పిడి తిప్పాడు. గంట మోగింది, వెనక్కి తిప్పాడు. చివరికి కింది వరుసలో 209 నిలిచింది. 275 కాదు. "209" అని రాసి, సిరా ఆరేదాకా ఊదాడు. మనసు తేలికైంది. మళ్లీ సున్న చేసి, 809 పెట్టాడు. రిజిస్టరులో ముందే "809: శేషం" అని రాసి పెట్టుకున్నాడు. కిటికీ మీద మొదటి వాన చినుకులు పడ్డాయి.

వీరస్వామి తడిసి ముద్దయి ఐదున్నరకు తిరిగొచ్చేసరికి గదిలో దీపం వెలుగుతూనే ఉంది. సామేలు ఎడమచేతి మీద తల పెట్టుకుని బల్లమీదకు ఒరిగి ఉన్నాడు. నీళ్ల గ్లాసు నిండుగా అలాగే ఉంది. "సారూ, ఇచ్చి వచ్చిన," అన్నాడు వీరస్వామి గుమ్మంలో నిలబడి. "మేడం చదివింది. వస్తున్న అని చెప్పమన్నది." ఇంకోసారి పిలిచి, దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేశాడు. లాలాపేటలో సుగుణమ్మ ఉతికిన చీర కట్టుకుని, దవఖానకు పోవడానికి ఆరున్నర దాకా వాకిట్లో వాన చూస్తూ నిలబడే ఉంది.

పట్టిక అచ్చు కాలేదు. సోమవారం పొద్దున అరుంధతిగారు ఆ గదికి వచ్చారు. కొత్త రిజిస్టరు తెరిచే ఉంది. రెండు వరుసలు. మొదటిది పూర్తయింది, రెండో దానిలో శేషం రాయవలసిన చోటు ఖాళీ. ఆమె కలం మూత తీసి, ఆ ఖాళీ మీదకు వంగి, ఏమీ రాయకుండానే మూత పెట్టేశారు. వీరస్వామి యంత్రం దగ్గరికి వెళ్లి పిడి మీద చెయ్యి వెయ్యబోయాడు.

"సున్న చెయ్యమంటరా మేడం? సారు ఎన్నడు అంకె ఇడిచిపెట్టి పోలే."

"వద్దు వీరస్వామీ. ముట్టుకోకు."

ఆమె గుడ్డ తీసుకుని, నాలుగు మూలలూ సరిచేసి, యంత్రం మీద కప్పారు. దాని కింద, కింది కిటికీల వరుసలో, పది సున్నల తర్వాత 490 అలాగే నిలిచి ఉంది.